4 ఐరనా, హైబ్రిడ్డా: బంతి దిగే తీరు చూసి తేల్చుకునుడు ఎట్ల

గోల్ఫ్ ఆడుతున్నరు, గ్రీన్‌కు (జెండా, గుంత ఉండే పొట్టి గడ్డి జాగ) ఇంక 170 గజాలు ఉన్నది, ముంగట ఎడమ దిక్కు బంకర్ (ఇసుక గుంత), గాలి ఏం లేదు, బంతి ఫెయిర్‌వే (నడిమిట్ల కోసిన గడ్డి) మీద మంచిగనే కూసున్నది. ఇప్పుడు బ్యాగులకెల్లి ఏం తీస్తరు? నా లెక్కల మనలాంటి ఆదివారం ఆటగాళ్ళకు ఎక్కువ దెబ్బ తగిలేది గీ షాట్ కాడనే. (యార్డ్ అనకుంట గజం అంటున్న, ఎందుకంటే రెండూ ఒకటే, మూడు అడుగులు, ప్లాట్లు కొనుడు అమ్ముడు నడిచే మన దిక్కు గజం అంటే ఎంతనో ఎవరికీ చెప్పే పని లేదు.)

నేను రెండేండ్లు గీ షాట్‌కు 4 ఐరన్ తీసిన (ఐరన్ అంటే సన్న ఇనుప తలకాయ ఉన్న క్లబ్బు, నంబర్ తగ్గిన కొద్దీ దూరం పోవాలె). సెట్ల వచ్చింది కాబట్టి తీసిన, ఇంకో కారణం ఏం లేదు. మాది జడ్చర్ల దిక్కు, ఆడాల్నంటే తెల్లారి నాలుగింటికి లేసి 44 హైవే ఎక్కి 80 కిలోమీటర్ల పైన పట్నం పోవాలె, అంత దూరం పోయినంక 4 ఐరన్ తోటి పది కొడ్తే రెండు మస్తు పోయేటియి, మిగిలినయి నేల తగిలి ముప్పై గజాలు తక్కువ పడుడో, కుడి దిక్కు జారుడో, బంతి తల మీద తగిలి పాకుకుంట పోవుడో. తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఆ మంచి రెండే యాదికుంటయ్. వారం అంతా ఆ రెండే కండ్ల ముంగట తిరుగుతయ్, మల్ల ఆదివారం అదే క్లబ్బు చేతిలకు వస్తది. మీ కథ గూడ గిట్లనే ఉంటే కింద రాసింది మీకోసమే.

మొదాలు ఒక్క మాట పట్టుకోండ్రి. ఎంత దూరం పోయింది అని చూసి లాంగ్ ఐరన్‌కు, హైబ్రిడ్‌కు (ఐరన్‌కు, పెద్ద తలకాయ వుడ్ క్లబ్బుకు నడిమి రకం) మధ్యల తేల్చొద్దు, బంతి ఎట్ల దిగుతుంది అని చూసి తేల్చాలె. 170 గజాలు పోయే బంతి నిలువుగ దిగితే గ్రీన్ మీద ఆగుతది, అదే 170 వాలుగ వచ్చి పడితే గ్రీన్ దాటి ఎనక గడ్డిల పడ్తది. దూరం రెండిట్ల ఒకటే, స్కోరు మాత్రం ఒకటి గాదు.

లాంగ్ ఐరన్ అంటే 2, 3, 4 నంబర్లు, కొందరికి 5 గూడ. వీటి లాఫ్ట్ (మొకం ఎనకకు వాలిన కోణం) తక్కువ, మొకం (బంతికి తగిలే దిక్కు) చిన్నది, సోల్ (కింది అడుగు) సన్నది, బరువంతా మొకం ఎనకనే అతుక్కొని ఉంటది. అందుకే నడిమిట్ల తగిలితెనే పని చేస్తది, అర అంగుళం పక్కకు పోయిందంటే చెయ్యి ఝుమ్మంటది బంతి పోదు. పైకి లేవాల్నంటే దానికి స్పీడు గావాలె, స్పీడు లేనోని చేతిల తక్కువ లాఫ్ట్ బంతిని లేపలేదు. హైబ్రిడ్ తలకాయ లోపల బోలు, బరువును కిందికి, ఎనకకు జరిపి పెడ్తరు, గందుకే అదే లాఫ్ట్ ఉన్నా బంతి ఇంకింత ఎత్తుకు లేస్తది, జర పక్కకు తగిలినా తలకాయ తిరిగిపోదు. సోల్ గూడ ఎడల్పు. నాకు పొలంల పని యాదికొస్తది ఇది చూస్తే, లాంగ్ ఐరన్ అంచు నాగలి కర్రు లెక్క, జర ముందుగ నేల తగిలిందంటే లోపలికి దిగుతది, హైబ్రిడ్ గుంటుక లెక్క పైపైన జారుకుంట పోతది. రెండు ఇంచుల ముందు నేల తగిలినా హైబ్రిడ్ తోటి షాట్ సగం అయినా బతుకుతది, ఐరన్ తోటి బంతి ఆడ్నే ముంగట పడ్తది.

ఇగ పరీక్ష సంగతికి వస్త, ఇదే అసలు పని, దీనికి ఒక పొద్దు పూర్తిగ పెట్టుండ్రి.

చానామంది 4 ఐరన్ ఒకటి, హైబ్రిడ్ ఒకటి తీసుకోని పోయి చెరో పది కొట్టి వస్తరు. అంతకంటే ముందు 7 ఐరన్ నుంచి మొదలుపెట్టి 6, 5, 4 వరుసగ కొట్టుండ్రి, ఒక్కోటి పది బంతులు, పడ్డ చోటు మాత్రమే లెక్క, దొర్లింది లెక్కకు రాదు. పదిట్ల మస్తు మంచియి రెండు, బాగ చెడ్డయి రెండు పక్కకు పెట్టి మిగిలిన ఆరు ఎక్కడ పడ్డయో రాస్కోండ్రి. ఒక్కో క్లబ్బుకు పది పదిహేను గజాల తేడా రావాలె. ఎక్కడైతే ఆ తేడా రావుడు ఆగిపోతదో ఆడ మీ ఐరన్లు అయిపోయినట్టు. నాకు 7 ఐరన్ 140 పడేది, 6 ఐరన్ 151, 5 ఐరన్ 160, 4 ఐరన్ 158. మల్ల చదువుండ్రి, 4 ఐరన్ 5 ఐరన్ కంటే తక్కువ. రెండేండ్లు నేను మోసిన క్లబ్బు నాకు ఒక్క గజం గూడ ఎక్కువ ఇయ్యలేదు. క్లబ్బుది తప్పు గాదు, నా స్పీడుకు ఆ లాఫ్ట్ బంతిని లేపలేదు, అంతే.

ఎత్తు చూసుడు ఎట్ల అంటే, సిమ్యులేటర్ ఉన్న చోటుకు పోతే బంతి దిగే కోణం అదే చూపిస్తది, 45 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే గ్రీన్ మీద ఆగుతది, 40 కంటే కిందికి పోతే గ్రీన్ మెత్తగ ఉన్న రోజు తప్ప ఆగుడు కష్టం. మిషన్ లేకుంటే దోస్తును పక్కకు నిలబెట్టి ఏదన్న ఒక గుర్తు తోటి పోల్చి చూడమనుండ్రి. మా చెలకల మక్కజొన్న కోసినంక ఖాళీగ ఉంటది, గట్టు మీద తాటిచెట్లు ఉన్నయ్, 7 ఐరన్ బంతి తాటి తల దాటిపోయేది, 4 ఐరన్ బంతి చెట్టు సగం ఎత్తుకు గూడ రాకపోయేది. అంతకంటే సాక్ష్యం ఏం గావాలె. అయితే చెలకల కొట్టేటోళ్ళు ముంగట 250 గజాల దాక మనిషి గానీ గొడ్డు గానీ లేదని కండ్లార చూసినంకనే కొట్టుండ్రి, పక్క చేన్ల కూలోళ్ళు ఉంటే ఆ పొద్దు బంద్ పెట్టుండ్రి, గోల్ఫ్ బంతి రాయి లెక్కనే తాకుతది.

రెండు మోసాలున్నయ్ ఈ పరీక్షల. ఒకటి, రేంజ్‌ల (ప్రాక్టీస్ జాగల) చాప. చాప మీద ముందు తగిలినా క్లబ్బు జారి బంతికి తగుల్తది, మీకు మంచిగ కొట్టిన అనిపిస్తది, అదే గడ్డి మీద అయితే ఫ్యాట్ (బంతికంటే ముందు నేల తగులుడు) అయ్యేది. కనీసం సగం బంతులు గడ్డి మీదనో, మట్టి నేల మీదనో కొట్టి చూడుండ్రి. రెండోది ఎండకాలం. ఏప్రిల్ మే నెలల్ల మన దిక్కు నేల బండ లెక్క అయితది, అప్పుడు 4 ఐరన్ తోటి తక్కువ ఎత్తుల పోయిన బంతి పడి ముప్పై గజాలు దొర్లుతది, సూస్తే 185 పోయింది అనిపిస్తది. అది మీ క్లబ్బు దూరం గాదు, ఎండ దూరం. ఆగస్టుల వాన పడి నేల మెత్తగైనంక అదే షాట్ 155 కాడ ఆగిపోతది. మూడోది గూడ చెప్తున్న, రేంజ్ బంతులు అరిగినయి ఉంటయ్, కొన్ని తక్కువ పోతయ్, కాబట్టి అసలు దూరం కంటే ఒక క్లబ్బుకు ఇంకో క్లబ్బుకు తేడానే నమ్ముండ్రి.

ఇగ నా కొలత ఇది, నేను చూసిన ఆటగాళ్ళను బట్టి చెప్తున్న. 7 ఐరన్ గాలిల 150 గజాలు దాటనోళ్ళు 4 ఐరన్ తీసి పక్కకు పెట్టి హైబ్రిడ్ తీసుకోండ్రి, 5 ఐరన్ గూడ అనుమానమే. 150 నుంచి 165 మధ్యల ఉన్నోళ్ళు 5 ఐరన్ ఉంచుకోండ్రి, 4 కాడ పరీక్ష చేసి తేల్చుండ్రి. 165 పైన కొట్టేటోళ్ళకు లాంగ్ ఐరన్ పని చేస్తది, వాళ్ళు వేరే లెక్కలు చూడాలె, అవి కింద చెప్త. హైబ్రిడ్ పట్టుకుంటే చిన్నతనం అనుకునేటోళ్ళకు ఒక్కటి చెప్పాలె, అమెరికా ఆడోళ్ళ టూర్, ఎల్పీజీఏల ఆడే ప్రొఫెషనల్స్ 7 ఐరన్ సగటున 140 గజాల చుట్టుపక్కల పోతది, వాళ్ళ స్వింగు మనకంటే నూరు పాళ్ళు చక్కటిది, అయినా వాళ్ళల్ల చానామంది బ్యాగులల్ల లాంగ్ ఐరన్ల జాగల హైబ్రిడ్లు, ఫెయిర్‌వే వుడ్లే ఉంటయ్. పని తెలిసినోళ్ళే పని సులువు చేస్కుంటరు.

కొనేటప్పుడు నంబర్ చూసి కొనొద్దు, ఇక్కడ చానామంది పైసలు పోగొట్టుకుంటరు. 4 నంబర్ ఐరన్ తీసేసి 4 నంబర్ హైబ్రిడ్ పెడ్తే సరిపోతది అనుకుంటరు, కాదు. పాత బ్లేడ్ (సన్న తలకాయ ఐరన్ల) సెట్లల్ల 7 ఐరన్ 34, 35 డిగ్రీలు ఉండేది, ఇప్పుడొచ్చే సులువు సెట్లల్ల 7 ఐరన్ 28 నుంచి 30 లనే ఉంటది. అంటే కొత్త సెట్ల 5 ఐరన్ అని రాసి ఉన్నది, లాఫ్ట్ చూస్తే పాత 4 ఐరన్. అందుకే మీ సెట్ పేరు నెట్‌ల కొట్టి లాఫ్ట్‌ల పట్టిక తీసుకోండ్రి, బ్యాగుల ఉంచుకునే ఆఖరి ఐరన్ ఎన్ని డిగ్రీలో చూడుండ్రి, దానికంటే 3 నుంచి 4 డిగ్రీలు తక్కువ ఉన్న హైబ్రిడ్ తీసుకోండ్రి. 5 ఐరన్ 26 ఉంటే 22 హైబ్రిడ్. 5 ఐరన్ 23 ఉంటే 22 హైబ్రిడ్ కొంటే రెండూ దాదాపు ఒక్క చోటనే పడ్తయ్, 19 చూడాలె, లేకుంటే ఆ 5 ఐరన్‌నే తీసేసి 6 ఐరన్ మీద 22 పెట్టాలె, నా మట్టుకు నేను ఈ రెండోదే చేసిన. ఇంకోటి, హైబ్రిడ్ షాఫ్ట్ (క్లబ్బు కర్ర) అదే నంబర్ ఐరన్ కంటే అంగుళం దాక పొడుగు, మొకం రేకు గూడ పలచగ ఉండి బంతిని ఎక్కువ తంతది, కాబట్టి అదే లాఫ్ట్ ఉన్నా ఐరన్ కంటే దూరం పోతది, ఆ లెక్క గూడ మనసుల పెట్టుకోండ్రి. పై దిక్కు మీ 5 వుడ్ ఎంత పోతదో అది గూడ కొట్టి చూడుండ్రి, అది 180 పడి హైబ్రిడ్ 178 పడితే రెండిట్ల ఒకటి దండుగ.

షాఫ్ట్ సంగతి ఎవరు చెప్పరు, గని హైబ్రిడ్ తోటి బంతి ఎడమకు గుంజుతుంది అని బాధపడేటోళ్ళల్ల సగం మందికి కారణం అదే. ఐరన్లల్ల 100 గ్రాముల పైన స్టీల్ షాఫ్ట్ ఉంటది, హైబ్రిడ్ల 55, 60 గ్రాముల గ్రాఫైట్ వస్తది, చేతికి ఒక్కసారి పుల్ల లెక్క తేలికైపోతది, తొందరగ తిరుగుతది, బంతి హుక్ అయితది (ఎడమకు వంగిపోతది). స్టీల్ ఐరన్లు ఆడేటోళ్ళు 75, 80 గ్రాముల హైబ్రిడ్ షాఫ్ట్ అడుగుండ్రి. గ్రాఫైట్ ఐరన్లు ఆడేటోళ్ళకు తేలికదే సరిపోతది. క్లబ్బు తలకాయ నేల మీద పెట్టి చూసినప్పుడు మొకం ఎడమ దిక్కు మూసుకొని కనపడితే అది కుడికి జారేటోళ్ళకోసం చేసింది, మీకు ముందే ఎడమకు పోయే అలవాటుంటే అది తీసుకోవద్దు, ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

సెకండ్ హ్యాండ్‌ల తీసుకునుడు మంచిదే, నేను తీసుకున్నది గూడ అదే. మొకం మీద పగులు, తలకాయ షాఫ్ట్ కలిసే కాడ వదులు, షాఫ్ట్ మీద గీత, ఇవి చూడాలె, తలకాయ ఊపితే లోపల గల్లగల్ల అనొద్దు. ఎడమకు తిప్పి కుడికి తిప్పి గ్రిప్ అరిగిందా చూడుండ్రి, గ్రిప్ మార్చుకునుడు పెద్ద పని గాదు. నాకు ఒక దుకాణంల షాఫ్ట్ కోసి పొట్టిగ చేసింది ఇచ్చిండ్రు, ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే తెలిసింది, మల్ల వాపస్ తీసుకోలేదు. కాబట్టి టేపు జేబుల పెట్టుకొని పోండ్రి, 22 డిగ్రీల చుట్టుపక్కల హైబ్రిడ్ మామూలుగ 39 నుంచి 40 ఇంచుల మధ్యల ఉంటది.

కొట్టుడు ఎట్ల. చూడనీకి చిన్న వుడ్ లెక్క ఉంటది కాబట్టి ఊడ్చినట్టు కొట్టాలె అనుకుంటరు, అట్ల కొడ్తే బంతి తల మీద తగుల్తది. హైబ్రిడ్‌ను ఐరన్ లెక్కనే కొట్టాలె, బంతిని ముందు తాకి తర్వాత నేల తాకాలె, గడ్డి జర గీసుకుపోయినా చాలు, పెద్ద డివట్ (గడ్డి పెల్ల) లేవొద్దు. బంతిని నడిమిట్లకెల్లి ఒకటి రెండు బంతుల మందం ఎడమ కాలు దిక్కు జరిపి పెట్టుండ్రి, చేతులు బంతికంటే కొంచెం ముందుకు, బరువు రెండు కాళ్ళ మీద సమానంగ. ఎడమ చేతోళ్ళు దీన్ని తిప్పి చదువుకోండ్రి. మనోళ్ళకు ఒక అలవాటు ఎంబడి వస్తది, చిన్నప్పుడు చిర్రగోనె ఆడిన చెయ్యి కదా, చిర్రను ముందు లేపాలె అప్పుడు గాలిల కొట్టాలె, ఆ లేపుడు ఒంట్ల నాటుకపోయి ఉంటది, లాంగ్ క్లబ్బు చేతిలకు రాంగనే కుడి భుజం కిందికి వంగి బంతిని లేపబోతరు. గోల్ఫ్‌ల లేపే పని లాఫ్ట్‌ది, మనది గాదు. కొట్టినంక ఛాతి టార్గెట్ దిక్కు తిరిగిందా, కుడి మడమ లేసిందా అని చూస్కోండ్రి, ఆ రెండూ అయితే బంతి అదే లేస్తది. స్పీడ్ ఎక్కువ పెట్టొద్దు, 7 ఐరన్ ఎంత నిమ్మలంగ కొడ్తరో గంతే.

ఇగ లాంగ్ ఐరన్ గెలిచే జాగలు, ఇవి దాచిపెట్టి హైబ్రిడ్‌నే పొగిడితే అబద్ధం చెప్పినట్టే అయితది. గాలి మొదటిది. ఆషాఢంల పడమటి గాలి మన పాలమూరు దిక్కు ఎట్ల కొడ్తదో తెలిసిందే, అప్పుడు హైబ్రిడ్ బంతి పైకి లేసి గాలిల నిలబడి కింద పడ్తది, 4 ఐరన్ బంతి తక్కువ ఎత్తుల కోసుకుంట పోతది. చెట్ల కిందికెల్లి బయటపడేటప్పుడు గూడ అంతే. గట్టి నేల మీద టీ షాట్ (హోల్‌ల మొదటి షాట్) ఇంకోటి. 2006ల హోయ్‌లేక్‌ల బ్రిటిష్ ఓపెన్ జరిగినప్పుడు ఎండకు నేలంతా ఎండి పసుపు రంగుకు తిరిగింది, టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్ల డ్రైవర్ (అన్నిట్ల దూరం కొట్టే క్లబ్బు) ఒక్కసారే తీసిండు, ఎక్కువగ లాంగ్ ఐరన్లు కొట్టి దొర్లించుకుంటనే టైటిల్ గెలిచిండు. మన మే నెల నేలల గూడ ఆ ఉపాయం పని చేస్తది, బంతిని నడిమిట్ల తాకియ్యగలిగెటోళ్ళకు. స్పీడు బాగ ఉండి హైబ్రిడ్ తోటి ఎప్పటికీ ఎడమకే పోయేటోళ్ళు గూడ లాంగ్ ఐరన్ ఉంచుకునుడే మేలు. వాళ్ళకు ఇప్పుడు యుటిలిటీ ఐరన్ అని మధ్యల రకం ఒకటి ఉన్నది, చూడనీకి ఐరన్ లెక్కనే, లోపల బోలు, సోల్ జర ఎడల్పు.

హైబ్రిడ్ గెలిచే జాగ అంటే ఎత్తుల పోయి మెత్తగ దిగాల్సిన షాట్. 2009 పీజీఏ చాంపియన్‌షిప్, హేజల్‌టైన్ కోర్స్, ఆఖరి రోజు 18వ హోల్, దక్షిణ కొరియా ఆటగాడు వై. ఈ. యాంగ్ ఒక్క షాట్ ముందున్నడు, పక్కన ఆడేది టైగర్ వుడ్స్. గ్రీన్‌కు 200 గజాల పైన ఉన్నది, యాంగ్ తీసింది 3 హైబ్రిడ్, బంతి చెట్టు మీదికెల్లి పోయి జెండాకు కొన్ని అడుగుల దూరంల ఆగింది, బర్డీ (హోల్ లెక్క కంటే ఒక షాట్ తక్కువ) కొట్టి మూడు షాట్ల తేడాతోటి గెలిచిండు, ఆసియాల పుట్టిన మగ ఆటగాడు మేజర్ (నాలుగు పెద్ద టోర్నమెంట్లల్ల ఒకటి) గెలుచుడు అదే మొదలు. లాంగ్ ఐరన్ తోటి బంతి అంత నిలువుగ దిగి ఆగాల్నంటే చేతుల చానా స్పీడు ఉండాలె.

రఫ్ (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డి) గురించి ఒక తప్పు మాట తిరుగుతది, హైబ్రిడ్ ఉంటే ఎంత గడ్డిలకెల్లి అయినా వస్తదని. బంతి సగం కనపడే గడ్డిల లాంగ్ ఐరన్ కంటే మేలే, ఐరన్ మొకం గడ్డిల చుట్టుకొని తిరుగుతది. వానకాలంల బాగ పెరిగి తడిసిన గడ్డిల బంతి మునిగి ఉంటే మాత్రం ఏదీ వద్దు, 8 ఐరన్ తీసి ఫెయిర్‌వే మీదికి కొట్టుకోండ్రి. ఫెయిర్‌వే బంకర్‌ల అంచు మోకాలి కంటే తక్కువ ఉండి బంతి ఇసుక పైననే ఉంటే హైబ్రిడ్ తీయొచ్చు. గ్రీన్ అంచున గూడ పనికొస్తది, పుట్టర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బు) లెక్క పట్టుకొని చిన్నగ తాకిస్తే గడ్డి దాటి దొర్లుకుంట పోతది, 2004ల టాడ్ హామిల్టన్ రాయల్ ట్రూన్‌ల బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు గ్రీన్ చుట్టూ ఇట్ల హైబ్రిడ్ తోటే నడిపిచ్చిండు.

బ్యాగుల 14 క్లబ్బులకు మించొద్దు, అమెరికా గోల్ఫ్ సంఘం 1938ల పెట్టిన రూల్ ఇది. కాబట్టి ఐరన్ ఉంచుకోని హైబ్రిడ్ గూడ పెట్టుకుంట అంటే ఏదో ఒకటి తీయాలె, షాట్లు లెక్కపెట్టే పోటీల (స్ట్రోక్ ప్లే) పదిహేను ఉన్నయంటే తప్పిన ప్రతి హోల్‌కు రెండు షాట్లు, మొత్తం నాలుగు దాక పడ్తయ్. మొదటి టీ కాడ బ్యాగు ఒకసారి లెక్క పెట్టుకోండ్రి.

పాత 4 ఐరన్‌ను మాత్రం కొన్న రోజే అమ్మొద్దు. ఇంట్ల ఒక మూలకు పెట్టుండ్రి, కొత్త హైబ్రిడ్ తోటి ఒక వానకాలం, ఒక ఎండకాలం ఆడుండ్రి, మల్ల వచ్చే మేల రెండూ పట్టుకపోయి అవే పది బంతుల పరీక్ష చెయ్యుండ్రి, స్వింగు మారి ఉంటే లెక్క గూడ మారొచ్చు. నాది ఇంకా మారలేదు, 5 ఐరన్ 4 ఐరన్ రెండూ ఇంట్ల ఉన్నయ్, బ్యాగుల 6 ఐరన్ తర్వాత 22 డిగ్రీల హైబ్రిడ్ ఉన్నది, దాని బంతి తాటిచెట్టు తల దాటుతుంది.